పసుపు గడి

మా కంప్యూటర్ మాస్టారు పోయారని శుక్రవారం పొద్దున్నే ఫోనొచ్చింది. రాజోలులో వాళ్ళ ఇంటికి పరుగెత్తుతూ కూడా నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే కదా, "రేపు చర్చి ప్రొజెక్టర్ పట్టుకురామ్మా, ఆ ఒక్క గడీ తేల్చేద్దాం" అన్నారు!

ఆ గడి సంగతి చెప్పాలి. కంప్యూటర్ చేత తెర మీద బొమ్మ గీయించే ప్రోగ్రామే గ్రాఫిక్స్ డ్రైవర్. పాత మిషన్లకి కంపెనీలు దాన్ని ఇవ్వడం మానేస్తే, ఎక్కడెక్కడివాళ్ళో రాసి ఉచితంగా పంచే ఓపెన్ సోర్స్ డ్రైవర్లే దిక్కు. వాటిలో ఏది ఏ పని చేస్తుందో పోల్చి మాస్టారు ఇంటర్నెట్‌లో ఒక పట్టిక పెట్టారు. పనిచేస్తే పచ్చ, చెయ్యకపోతే ఎరుపు, ఇంకా చూడకపోతే పసుపు. రిటైరయ్యాక అదే ఆయన లోకం. వరండాలో పాత కంప్యూటర్లు పేర్చుకుని, వీడియో ఆడుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చెమట పట్టలేదమ్మా ఈయనకి" అని మాస్టారి భార్య, అమ్మగారు, ఆటపట్టించేవారు.

"అందరూ పనిచేస్తందంటున్నారు కదండీ, పచ్చ వేసేద్దురూ" అన్నానంటే చాలు, ఆయనకి కోపం వచ్చేది.

"అందరూ అంటే ఎవరమ్మా? నీ కంటితో చూసేవా? ఎక్కడో ఎవడో మన పచ్చ నమ్మి, ఉన్న డ్రైవర్ కాస్తా తీసేస్తాడు. ఆడి తెర ఆరిపోతే మన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఆయ్" అని గడిని పసుపుగానే వదిలేసేదాన్ని.

శనివారం చర్చిలో ఆరాధన, తర్వాత భూస్థాపన. కువైట్‌లో ఉన్న మాస్టారి తమ్ముడుగారికి సెలవు దొరకలేదు. "గోడమీద కనిపించైనా అన్నయ్యని సాగనంపుతానమ్మా, ఏదో ఒకటి చెయ్యి" అని ఫోన్లో ఏడ్చారు. చర్చిలో తెర నడిపేది నేనే. అక్కడి పాత కంప్యూటర్లో ఉన్న డ్రైవర్ పాటల అక్షరాలు చూపిస్తుందిగానీ వీడియోని ముక్కలు చేసేస్తుంది. రెండో డ్రైవర్ వీడియో చక్కగా ఆడిస్తుంది, కానీ ప్రొజెక్టర్‌తో ఎవరూ చూడలేదు. ఆ పసుపు గడి అదే. ఆరాధనకి ముందు రెండోదే వేశాను. కాసేపు బాగానే ఆడింది. కాసేపు ఆడితే చాలదని నేర్పింది ఆయనే, కానీ అంతకంటే చూడ్డానికి టైము లేదు.

మాస్టారి శవపేటిక పక్కనే కూర్చుని వీడియో కాల్ కలిపాను. గోడమీద తమ్ముడుగారి మొహం వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

"అన్నయ్యా, నన్ను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని..."

గోడ నల్లబడిపోయింది. దేవుడా! వైర్ల మీదికి వంగబోతుంటే అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మాట వినపడతంది కదా, ఉండమ్మా." తెర ఆరిన సంగతి తెలియని తమ్ముడుగారు చెప్పుకుంటూనే పోయారు. జనమంతా ఆ నల్లటి గోడకేసి చూస్తూ కదలకుండా విన్నారు.

సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చాక పాస్టరుగారు మెల్లగా అన్నారు. "పని జరిగిపోయింది కదమ్మా. ఆయన జ్ఞాపకంగా ఆ గడికి పచ్చ వేసెయ్యి."

నాకూ వెయ్యాలనే ఉంది. ఆయన ఆఖరి గడి ఎర్రగా మిగలడం నాకు ఇష్టమా? అమ్మగారి వైపు చూశాను.

"ఆయన పేరున అబద్ధం ఎందుకండీ? కళ్ళారా చూసేం కదా. ఎరుపే వెయ్యమ్మా."

వరండాలో ఆయన కుర్చీలో కూర్చుని ఎరుపు వేశాను. పేజీ సేవ్ అయ్యేదాకా అమ్మగారు అచ్చం ఆయనలాగే ఊపిరి బిగబట్టారు.

"పడిందా?"

"పడిందండీ."

ఆవిడ ముందుకు వంగి, ఆ ఎర్ర గడి మీద దుమ్ముని చీరచెంగుతో తుడిచారు.