బెల్టుకు రాసిన ఆముదం

నా చిన్నప్పుడు ఇంట్లో తలుపు కిర్రుమంటే మా అవ్వ బందులో ఒక చుక్క ఆముదం వేసేది. ఇక ఆ తలుపు నోరెత్తేది కాదు. నాకు తెలిసిన మరమ్మతు అదొక్కటే. అదీ తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో.

మా నాయనకు ఒక పాత బాడుగ కారు ఉండేది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి యాత్రికులను తిప్పేవాడు. ఆ ఏడు దసరాకు ముందు, బండి స్టార్టు చేస్తే చాలు, ఇంజను ముందరి బెల్టు కీచుమని అరిచేది. వీధి పిల్లలు "పిల్లి కారు వస్తాంది రా" అని నన్ను ఏడిపించేవాళ్లు. నాయన నంద్యాలకు పోయినప్పుడు కొత్త బెల్టు తెచ్చాడు. ఆయుధపూజనాడు పసుపు కుంకుమ పెట్టి వేద్దామని గోడకు మేకుకు తగిలించాడు. పండగకు ఇంకా నాలుగు రోజులున్నాయి. నాకు తొమ్మిదేళ్లు, రోషం మాత్రం బండెడు. ఒక పొద్దున రేడియేటరులో నీళ్లు పోసి, బానెట్ తెరిచే ఉంచి నాయన కాఫీ తాగడానికి లోపలికి పోయాడు. నేను అవ్వ సీసా తెచ్చి బెల్టు లోపలి వైపంతా ఆముదం పట్టించాను.

ఆ గంటలోనే పక్కింటి అక్కకు నొప్పులు ఎక్కువయ్యాయి. తొలి కాన్పు. నర్సమ్మ చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆలస్యం చేయకుండా నంద్యాలకు తీసుకుపొమ్మంది. ప్రతి ఆదివారం నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె పెట్టే అక్క ఆమె. ఆమె నా చెయ్యి వదలకపోయేసరికి నన్నూ కారెక్కించారు. వెనక సీట్లో ఆమె తల మా అమ్మ ఒళ్లో ఉంది. ముందు సీట్లో ఆమె భర్త కూర్చున్నాడు.

"ఈ పొద్దు సప్పుడే ల్యాదే," అన్నాడు నాయన, బండి కదిలాక. నేను లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శిరివెళ్ల దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. రేడియేటరుకు పోయే రబ్బరు గొట్టం పగిలి, నీళ్లన్నీ సలసలా రోడ్డు మీదికి కారిపోయాయి. నాయన దిగి బెల్టు పట్టుకుని చూశాడు. వేళ్లు జారాయి. వాసన చూసుకున్నాడు. పక్క కిటికీలోంచి నా వైపు ఒకసారి చూశాడు, అంతే. రోడ్డు మధ్యకు పోయి లారీల కోసం చేతులు ఊపుతూ నిలబడ్డాడు. ఏదీ ఆగదే. సెల్‌ఫోన్లు లేని రోజులు. అక్క అరుపులు తగ్గుతూ వచ్చాయి, అది ఇంకా భయం.

చివరికి లారీలో ఎక్కించుకుని పోయినా బిడ్డ దక్కలేదు. కొంచెం ముందు తెచ్చింటే, అన్నారు డాక్టర్లు. అక్కకు మళ్లీ కాన్పు కాలేదు.

ఆసుపత్రి వరండాలో ఆమె భర్త నిలదీస్తే నాయన తల వంచుకుని, "బెల్టు పాతది. మార్చల్యా. తప్పు నాదేనప్పా," అన్నాడు. ఆముదం మాట మా అమ్మకు కూడా చెప్పలేదు. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆయన కారు పిలవలేదు.

కొత్త బెల్టు పూజ లేకుండానే వేశాడు. ఆ రోజు నన్ను పిలిచి, నా బొటనవేలు బెల్టు మధ్యలో పెట్టించాడు. "ఈడ నొక్కు. వేలి మందం వంగితే సరి. గొట్టాలు సల్లగుండేటప్పుడు పిసికి సూడాల, మెత్తబడింటే మార్చాల. బెల్టుకు నూనె తగిలితే జారతాది. నీళ్లు తిప్పే పంపు తిరగదు, ఇంజను కాగిపోతాది." బెల్టు మీద చెయ్యి పెట్టి, "అది అరుస్తాందంటే ఏందో సెప్తాందని. నోరు మూయించగాకు పాపా," అన్నాడు. నన్ను కొట్టినా బాగుండేది. నేను ఏడుస్తుంటే ఆయన గొట్టాలు ఒక్కొక్కటే పిసికి చూస్తూ ఉండిపోయాడు.

నాకిప్పుడు తల నెరిసింది. బండి ఏదైనా సరే, చల్లగా ఉండగా బానెట్ ఎత్తి వేలితో నొక్కి చూడందే ఎక్కను. నాయన పోయాక, ఇకనైనా చెప్పేయాలని అక్క దగ్గరికి పోయాను. తల ఎండిపోయిందని గొణుగుతూ ఆమె నన్ను ముందు కూర్చోబెట్టుకుని నూనె సీసా తీసింది. అదే ఆముదం వాసన.

"మీ నాయన మంచోడే పాపా," అంది అక్క, నా తల మర్దిస్తూ. "ఆ ఒక్క బెల్టు మార్చింటే సాలు గదా."

"అవునక్కా," అన్నాను.