పులికాట్ మాటకి పూతలపట్టు నవ్వు

1979 ఎండాకాలంలో, పూతలపట్టులో మా ఇంటి వసారాలో కూర్చుని, తెలుగు యాసల మధ్య దూరాన్ని నవ్వుతో కొలిచే పద్ధతిని నేను కనిపెట్టాను. అంతకుముందు ఈ పనికి దేశంలో ఎవరి దగ్గరా సరైన కొలబద్ద లేదు.

అప్పట్లో తిరుపతిలో ఒక కాలేజీ భాషా విభాగంలో టేప్ రికార్డర్లు చూసుకునే టెక్నీషియన్ని. మా పని చెబుతాను. ఒక ఊరి మనిషి చెప్పిన కథను స్పూల్ టేపు మీద, అంటే పెద్ద చక్రాలకు చుట్టే టేపు మీద, రికార్డు చేయాలి. దాన్ని ఇంకో ఊళ్లో వినిపించి, ప్రశ్నలడిగి, ఎంతమేరకు అర్థమైందో మార్కులు వేయాలి. దీన్ని ఇంటెలిజిబిలిటీ టెస్ట్ అంటారు. ఆ రెండు ఊళ్ల మాట చెవికి ఎంత దూరమో ఆ మార్కులే చెప్పాలి. గుంటూరు వైపు నుంచి వచ్చిన వసుంధర గారనే రీసెర్చ్ స్కాలర్ ప్రశ్నలడిగేవారు. మీటలు నొక్కేది నేను.

చిక్కంతా మా జిల్లా మర్యాదతో వచ్చింది. ఇంటికొచ్చిన మనిషితో అర్థం కాలేదని చెప్పడం మావాళ్లకు నామోషీ. సత్యవేడు టేపు విన్న మా ఊరి పెద్దాయన రెడ్డెప్పను వసుంధర గారు అడిగారు.

"అర్థమైందా తాతగారూ?"

"ఎందుక్కాదమ్మా? అదీ తెలుగే గదా!"

"ఇంతకీ ఆయనేం చెప్పాడండీ?"

"మంచే చెప్పినాడు."

ఏ ఊరికి పోయినా ఇదే జవాబు. అందరికీ అన్నీ అర్థమవుతున్నాయి, ఆమె చేతికి మాత్రం ఏమీ చిక్కడం లేదు.

మా ఇంట్లో ఇంకో చిక్కు. ఆ మాఘంలోనే నాకు పెళ్లయింది. నా భార్య చెంగమ్మది పులికాట్ సరస్సు ఒడ్డు. మాట చివర పాటలాగా సాగదీస్తుంది. ఆమె నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో నవ్వులు. అందరికంటే ముందు నవ్వేది మా అమ్మ. కొన్నాళ్లకు చెంగమ్మ మాట్లాడడమే మానేసింది. ఏమడిగినా తల ఊపేది, లేదా చేయి చూపేది. ఈ మౌనం ఇలాగే గట్టిపడితే మా కాపురం ఏమవుతుందోనని నాకు లోపల గుబులు.

వసుంధర గారికి పులికాట్ వైపు కథ ఒకటి కావలసి వచ్చింది. చెంగమ్మ సంగతి నేనే చెప్పాను. వసుంధర గారు మా ఇంటికొచ్చి, మెషీన్ ఎలా ఆడించాలో నన్నడిగి తెలుసుకుని, నన్ను బయటికి పంపి వంటింటి తలుపేసుకున్నారు. చెంగమ్మ పెట్టింది ఒకటే షరతు.

"నా పేరు మాత్రం ఎవురికీ చెప్పబాకండి."

మర్నాడు వసారాలో ముందుగా మా అమ్మకే హెడ్‌ఫోన్ తగిలించాం. పక్కవాళ్లను చూసి తలూపకుండా ఒక్కొక్కరే వినాలని ఆ ఏర్పాటు.

మొదటి మాటకే అమ్మ ఫక్కున నవ్వింది. "అబ్బబ్బ, ఏం రాగమో!" అంది. చెవులు మూసుకుని ఉన్నాయి గదా, వీధి చివరికి వినిపించేలా అంది. కాసేపటికి నవ్వు ఆగింది. ముందుకు వంగి కూర్చుంది.

కథేమిటంటే, రొయ్యలకు పోయిన చెంగమ్మ తాత పడవ తిరగబడుతుంది. ఆయన ఈదుతూ గుర్తొచ్చిన దేవుడికల్లా మొక్కుకుంటాడు, పెళ్లాం పిల్లల్ని ఊళ్లోవాళ్లకు అప్పగిస్తాడు. ఒడ్డున చేపలు ఆరబెడుతున్న అవ్వ తలెత్తకుండానే, "లేచి నిలబడయ్యా! నీళ్లు మోకాటి దాకే!" అంటుంది.

అమ్మ నవ్విన నవ్వుకు హెడ్‌ఫోన్ జారి ఒళ్లో పడింది.

"ఒరే, మళ్లీ ఎయ్యి! ఆ పిల్ల ఎవురో గానీ, దాని నోట్లో తేనె ఉండాదిరా!"

వంటింటి గడప దగ్గరి నుంచి వినిపించింది. "నేనే అత్తా!"

ఆ రోజు మొదలైన మాట ఈనాటికీ ఆగలేదు. మధ్యలో నేనెన్నిసార్లు బతిమాలుకున్నానో ఆ దేవుడికి తెలుసు.

వసుంధర గారు మాత్రం చేతి గడియారం వంకే చూస్తున్నారు. ఆమె లెక్కలో మొదటి నవ్వు యాసకు, రెండోది కథకు. మొదటిది ఎంతసేపు సాగితే ఆ రెండు ఊళ్ల మాట అంత దూరం. రెండోది సమయానికి వస్తే కథ అర్థమైనట్టు. మర్యాద కోసం తలూపవచ్చు గానీ, మర్యాద కోసం సరైన చోట నవ్వడం కుదరదు. ఆ తర్వాత ఏ ఊళ్లోనైనా మేము అడగడం మానేసి, నవ్వించడం మొదలుపెట్టాం. రెడ్డెప్ప మోకాటి నీళ్ల దగ్గర నవ్వనేలేదు. అంతా అయ్యాక, "పాపం, ముసలాయన బతికినాడా?" అని అడిగాడు.

కనిపెట్టింది నేనని మొదట రాశాను గదా. అది కాస్త సాగదీసిన మాట. ఆలోచన వసుంధర గారిది, మీట నాది. దేశంలో కొలబద్ద లేదన్నది కూడా దేశమంతా తిరిగి చూసి రాసింది కాదు. నేను నేర్చుకున్నది మాత్రం నిజం. యాసల దూరం చెప్పేవాళ్ల నోట్లో ఉండదు, వినేవాళ్ల చెవిలో ఉంటుంది. కాసేపు కుదురుగా వింటే అదీ కరిగిపోతుంది.

ఇంతవరకు రాసి చెంగమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"మీ కొలత యాడి కొలత! అత్త మొదటి మాటకే నా గొంతు పట్టేసింది. ఇంట్లో కోడలి గొంతు తెలీదా ఆమెకి? ఎవురో అన్నది నా చేత పలికించడానికేనని ఆ పొద్దే నాతో చెప్పింది. నవ్వింది రాగానికి కాదు. ఇన్నాళ్లకు నోరు తెరిస్తినే అని నవ్వింది."

"అట్లయితే అంతకుముందు, నువ్వు మాట్లాడినప్పుడల్లా..."

"ఎక్కిరించింది నువ్వు. మీయమ్మ మీదికి తోయకుండా, అది దిద్ది రాయి."