పన్నెండో కంప్యూటర్ దగ్గర ఆగింది

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పట్టాల మీద పోయినవాళ్లు తిరుగుతుంటారని ఖరగ్‌పూర్‌లో మా రైల్వే ట్రాఫిక్ కాలనీ ఆడవాళ్లు చెప్పుకునేవారు. ముప్పై ఏళ్లు తెల్లవారుజామున పాలకి ఆ దారినే నడిచాను. కుక్కలు తప్ప నాకేవీ ఎదురుపడలేదు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే సుజాత రాస్తోంది. ఆ రోజు తనూ అక్కడే ఉంది కాబట్టి, తప్పు చెబితే ఆపుతుంది.

మా ఆయన రైల్వేలో బండ్లు పరీక్ష చేసేవాడు. బండి ఆగగానే పెట్టె పెట్టె దగ్గరా వంగి, చక్రాల దగ్గరి యాక్సిల్ బాక్సుకి చేతి వెనకవైపు ఆనించేవాడు. వేడెక్కిందంటే ఆ పెట్టెకి ప్రమాదం. అన్నం క్యారేజీ తీసుకెళ్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎన్నిసార్లు చూశానో. అడుగు, వంగడం, ఆనించడం, మళ్లీ అడుగు.

ఆయన పోయాక మా ఊళ్లోనే ఇందా అనే పేటలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనికి కుదిరాను. ముప్పై కంప్యూటర్లు. సాయంత్రం క్లాసు అయ్యాక ఒక్కొక్కటీ ఆపాలి, తుడవాలి. ఆపినదాన్నల్లా చేతి వెనకవైపుతో ముట్టుకునేదాన్ని. అక్కడ పాఠాలు చెప్పే సుజాత నవ్వేది.

"ఏటి పిన్నీ, జొరమొచ్చినాదేటి వాటికి?"

"ఇనుము సెప్పదు కదే పిల్లా. మనమే ముట్టుకుని సూసుకోవాల."

తరవాత ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. ముందు బల్ల మీది కంప్యూటర్‌లో ముప్పై చిన్న గళ్లు కనిపిస్తాయి, గడికొక కంప్యూటర్. సుజాత ఒక్కసారి నొక్కితే రెప్పపాటులో అన్నీ ఆరిపోతాయి. వచ్చే నెల నుంచి నేను రానక్కర్లేదన్నాడు సెంటర్ నడిపే బెంగాలీ ఆయన. అందరూ దాదా అంటారు, అన్న అని. పింఛను వస్తుంది, తిండికి లోటు లేదు. కానీ ఆ గది పోతే సాయంత్రాలు ఎక్కడ గడపను? ఇంట్లో పలకరించే మనిషి లేదు.

నెలాఖరులో ఒక రోజు, నాలుగు దాటింది. బయట వాన, గదంతా మసక. పిల్లలు వెళ్లిపోయారు. ముప్పై తెరల నీలం వెలుగు నేల మీద నీళ్లలా పరుచుకుని ఉంది. సుజాత నొక్కింది.

ఎడమ వరసలో మొదటిది ఆరింది. మిగతావి వెలుగుతూనే ఉన్నాయి. కాసేపటికి రెండోది. ఇంకాస్త ఆగి మూడోది. బల్ల మీది తెరలో గళ్లు కూడా అలాగే ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి.

"పిన్నీ, నాను ఒక్కసారే నొక్కినాను," అంది సుజాత.

ఆ నడక నాకు తెలుసు. అడుగు, వంగడం, ఆనించడం. భయం వేయలేదు. వాన చప్పుడులో నిలబడి, నిద్రలో ఉన్నట్టు చూస్తూ ఉండిపోయాను. పదకొండు ఆరాయి. పన్నెండోది ఆరలేదు. ఎంతసేపు చూసినా ఆరలేదు.

వెళ్లి దాని డబ్బాకి చెయ్యి ఆనించాను. చురుక్కుమంది. వెనక నుంచి కాలిన వాసన.

"మెయిన్ ఆపేయే!" అని అరిచాను. సుజాత పరిగెత్తి ఆపేసింది.

మర్నాడు మెకానిక్ విప్పి చూస్తే లోపల తీగలు కరిగిపోయి ఉన్నాయి. దాని వెనక బల్ల చెక్క నల్లగా మాడింది. "ఠీక్ హై దీదీ, నువ్వు రోజూ ఒచ్చి ముట్టుకో," అన్నాడు దాదా.

ఆ సాఫ్ట్‌వేర్ తను చేసిన ప్రతి పనీ రాసి పెట్టుకుంటుందట. సుజాత తీసి చూసింది. తను నొక్కిన క్షణంలోనే ముప్పై కంప్యూటర్లూ ఒకేసారి ఆగిపోయినట్టు ఉంది అందులో. మరి మేమిద్దరం చూసిందేమిటి?

ఆ తరవాత ఎప్పుడూ అలా జరగలేదు. నొక్కితే అన్నీ ఒక్కసారే ఆరిపోతున్నాయి. ఎందుకు జరిగిందంటే నాకు తెలియదు, సుజాతకీ తెలియదు. ఆయనే అని నేను అనను. ఆయనే అయితే మాత్రం నాకు చాలా కోపంగా ఉంది. పోయి రెండేళ్లయింది. ఇంటికి ఒక్కసారి రాలేదు, కంప్యూటర్ల దగ్గరికి వచ్చాడు.