మిద్దె ఎవరిది

"నీ బాత్రూం నీళ్లు నా పొయ్యి మీద పడ్తాండాయమ్మా. మిద్దె బాగు చేయించు."

"అది నీ మిద్దె పెద్దమ్మా, నాది కాదు."

"నువ్వు తొక్కుతాండేదే గదా నా మిద్దె."

"నేను తొక్కేది నా నేల. నా నేల బాగుండాది, చుక్క నీళ్లు నిలబడవు."

"యాడ నిలబడతాయి, అన్నీ నా పప్పులోకి దిగుతాంటే."

పై ఇంటామె నవ్వి తలుపేసుకుంది. నంద్యాలలో సర్కారు కట్టించిన ఈ అపార్టుమెంటుకు రాకముందు, ఆళ్లగడ్డలో మా ఆయన కాలువకు నీళ్లు వదిలే లస్కరుగా ఉన్నన్నాళ్లూ సర్కారు క్వార్టర్సులో ఉంటిమి. మిద్దె కురిస్తే ఆయన ఆఫీసులో చెప్పేవాడు. ఆలస్యంగానైనా మేస్త్రీ వచ్చి, నన్ను నాలుగు మాటలని, సున్నం పూసిపోయేవాడు. ఇప్పుడు ఈ ఇండ్లిచ్చిన హౌసింగు ఆఫీసుకు పోతే, "ఇండ్లు మీకు రాసిచ్చేసినాం, మీ కమిటీని అడుగుపో అవ్వా" అన్నారు. కమిటీ ఆయన్నడిగితే, మెట్లు, మోటారు మాత్రమే తాము చూస్తామన్నాడు. ఇల్లు నా పేరు మీదనే ఉంది. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు.

మరునాడు పొద్దున పైన నీళ్ల చప్పుడు మొదలయ్యేసరికి, పొయ్యినీ గ్యాసుబండనూ ముందు గదిలోకి, మంచం పక్కకు జరుపుకున్నాను. ఆ పూట అన్నం అక్కడే వండినాను.