సిమెంటు దగ్గే అన్నాను

పదకొండు కావస్తోంది. ఎండకి సిమెంటు గోడౌను రేకులు చిటచిటమంటున్నాయి. పొద్దున తాగిన టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. అరవయ్యో బస్తా వీపునేసుకుని వెళ్తుంటే, గేటు దగ్గర నీడలో కుర్చీ వేసుకుని మా బావ ఉడికించిన గుడ్డు తింటున్నాడు. అది మా ఆవిడ పంపింది. నాకు పంపలేదు.

బావంటే మా అక్క మొగుడు. పద్దెనిమిదేళ్లు ఇద్దరిదీ ఒకే జట్టు. లారీ మీంచి ఆయన అందిస్తే నేను మోసేవాణ్ని. ఆయన జోకేస్తే గోడౌనంతా నవ్వేది. నా జోకుకి నేనొక్కణ్నే నవ్వుకోవాలి.

కిందటేడు ఆయనకి ఊపిరితిత్తుల్లో క్యాన్సరని తేలింది. జుట్టూడే మందు కాదట, రోగంతో పోట్లాడమని ఒంటినే ఉసిగొల్పే కొత్త మందట. మూడు వారాలకోసారి సెలైనులా ఎక్కించేవాళ్లు. జబ్బుమనిషన్నాక చిక్కాలి కదా? ఆయన నిగనిగలాడాడు. సూపర్‌వైజరు బస్తాలు మాన్పించి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. చచ్చిపోతాడేమోనని ఏడ్చినవాణ్నే, ఆ కుర్చీ చూసి కుళ్లుకున్నాను.

ఆసుపత్రివాళ్లు ఆయనకో కార్డిచ్చారు. దద్దుర్లు, దగ్గు, ఆయాసం, విరేచనాలు, ఏది కొత్తగా మొదలైనా వెంటనే అందులోని నంబరుకి ఫోన్ చెయ్యాలి.

ఓ రోజు చేతులు గోక్కుంటూ, దగ్గుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, నీ ఫోనోసారి ఇవ్వరా. ఆసుపత్రికి చెయ్యాలి."

"దేనికి?"

"దగ్గు తగ్గట్లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం."

"సిమెంటు దగ్గు బావా! ఇక్కడ దగ్గనివాడెవడు, గోక్కోనివాడెవడు? మాకెవడైనా కుర్చీలేశాడా?"

జట్టంతా పగలబడి నవ్వింది. నా మాటకి అంతమంది నవ్వడం అదే మొదలు. బావ కూడా నవ్వి, కార్డు జేబులో పెట్టేసుకున్నాడు.

ఐదో రోజు గేటు తీస్తూ తీస్తూ కూలబడ్డాడు. పెదాలు నీలంగా అయిపోయాయి. లారీలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"ఇది సిమెంటు వల్లా కాదు, క్యాన్సరూ కాదు," అంది డాక్టరమ్మ. "మందు ఒంట్లో కాపలావాణ్ని నిద్రలేపింది. వాడు ఇంటివాళ్లనే బాదుతున్నాడు. అందుకే ఊపిరితిత్తులు వాచాయి. మొదట్లోనే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. కార్డిచ్చాం కదా?"

బావ నాకేసి చూశాడు. ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి లాగాడు.

"నాదే అశ్రద్ధమ్మా."

అక్కడా ఆయనే మంచివాడయ్యాడు. నలుగురిలో నన్ను తిట్టినా బాగుండేది.

ఆ మందు ఆపి, వాపు తగ్గడానికి స్టెరాయిడ్లిచ్చారు. నెలన్నరకి, ఉబ్బిన మొహంతో మళ్లీ కుర్చీలోకొచ్చాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. నా ఫోను మాత్రం మళ్లీ అడగలేదు. సొంతంగా ఒకటి కొనుక్కున్నాడు.

ఓ సోమవారం వెళ్లేసరికి కుర్చీ ఖాళీ. ఆసుపత్రి దగ్గర గది తీసుకుని అక్కతో వెళ్లిపోయాడు. సూపర్‌వైజరుకి చెప్పాడట. టీ కొట్టు ముసలమ్మకి చెప్పాడట. ఆఖరికి మా ఆవిడకీ చెప్పాడట. నాకొక్కడికే చెప్పలేదు.