రెండు బొమ్మలు కలిసే చోటు

మా ఆదివారం గుంపులో ఉన్నది ముగ్గురమే. గుంపు అనడం మా గొప్ప కోసం. యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు అటెండర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, అడిక్‌మెట్‌లో రూమ్ తీసుకుని పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల ఒకతె, హబ్సిగూడ నుంచి నడిచొచ్చే నేను. పెద్దాయనను మేమిద్దరం సార్ అంటాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయనను ఎవరూ అలా పిలవలేదట. మొదటిసారి నేను పిలిచినప్పుడు వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూశారు.

నేను పరీక్షల విభాగంలో పని చేస్తాను. తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆదివారం కూడా ఆ అలవాటు మాననని మా ఆయన ఫిర్యాదు.

మా ముగ్గురివీ రేంజ్‌ఫైండర్ కెమెరాలు. వీటిలో లెన్స్‌లోంచి చూడం, పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. కిటికీ మధ్యలో పసుపురంగు చదరం ఒకటుంటుంది. అందులో ఎదుటి మనిషి ఇద్దరై కనిపిస్తాడు. లెన్స్ తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ మెల్లగా జరిగి ఒక్కరవుతారు. అప్పుడు నొక్కాలి. ఆ కలిసే క్షణం కోసమే ఈ పిచ్చి. ఫోన్‌తో వెయ్యి ఫోటోలు తీసేవాళ్లకు ఇది చెప్పి ఒప్పించలేను, ఒప్పించడం మానేశాను కూడా.

చిక్కేమిటంటే, లెన్స్ ముందు ఏం జరుగుతోందో ఆ కిటికీకి తెలియదు. లెన్స్ మీద మూత అలాగే ఉన్నా లోకం నిక్షేపంగా కనిపిస్తుంది. మూత తీయకుండా ఫోటో తీసినవాళ్లు ఆ మూతకు దారం కట్టి రోజంతా మెడలో వేసుకు తిరగాలని మా గుంపులో శిక్ష. పిల్ల నాలుగుసార్లు వేసుకుంది. నేను ఒక్కసారీ వేసుకోలేదని అందరికీ చెప్పుకునేదాన్ని. సార్ తెలివైనవారు, అసలు మూతే వాడరు. కెమెరాను పాత లుంగీ గుడ్డలో చుట్టుకుని తెస్తారు.

ఇంకో ఆచారం హాజరు ఫ్రేమ్. కొత్త ఫిల్మ్ రోలు వేసినప్పుడు మొదటి ఫోటో ఆ కెమెరా యజమానిదే అయ్యుండాలి, తీసేది పక్కవాళ్లు. లేకపోతే జీవితమంతా ఊరివాళ్ల ఫోటోలు తీసి మన బొమ్మ ఒక్కటీ మిగలదని సార్ పెట్టిన నియమం. తన కెమెరా మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు.

ఆయనది జర్మనీ కెమెరా, ఒక ప్రొఫెసర్ ఊరు వదిలి వెళ్తూ ఇచ్చింది. నాది అలాంటిదానికే రష్యావాళ్లు చేసిన నకలు, కోఠీలో పాతసామాన్ల దుకాణంలో దొరికింది. రెండింటి లెన్సులూ ఒకేలా ముందుకు లాగి తిప్పి బిగించేవి, పనయ్యాక లోపలికి నెట్టేవి. ఆయన కెమెరా మీద నాకు రెండేళ్లుగా కన్ను. దాచడం దేనికి, పక్కింటివాళ్ల ఇంటి మీద కూడా అంత కన్ను వేయలేదు.

తార్నాక చౌరస్తా దగ్గర టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తిని, చాయ్ తాగుతూ ఆ వారం ప్రింట్లు చూసుకుంటాం. నావి చూసేటప్పుడు సార్ దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చి, కళ్లు నలుపుకుని, "మంచిగున్నయి మేడం. నా కన్నే మంచిగ లేదు" అని పిల్లకు అందించేవారు. పిల్ల మాట్లాడకుండా చాయ్ తాగేది. మెచ్చుకోలుతో నోట మాట రావడం లేదనుకునేదాన్ని. నా బొమ్మల్లో ఉండే ఆ మెత్తదనం పాత లెన్స్ అందమని నా గట్టి నమ్మకం.

పోయిన చలికాలం ఒక ఆదివారం, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద సార్ కెమెరా దించి ఒళ్లో పెట్టుకున్నారు.

"కలుస్తలేవు మేడం. ఎంత తిప్పినా ఇద్దరు ఇద్దరే ఉంటున్నరు."

ఆయన కుడికంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ చేయాలి. కొడుకు రెండుసార్లు ఆసుపత్రిలో టైం తీసుకుంటే రెండుసార్లూ తప్పించుకున్నారు.

"భయమా సార్?" అన్నాను.

"ముప్పయేండ్లు అద్దాలు విప్పి తుడిచిన. విప్పినంక సరిగ్గ కూసోవెట్టుడు ఎంత కష్టమో నాకెర్క. నా కంట్ల అద్దమే విప్పుతనంటే ఎట్ల ఒప్పుకుంట?"

నాకు కోపమొచ్చింది. భయపడే మనిషిని చూస్తే నాకు ముందు కోపమే వస్తుంది, జాలి తర్వాత. "ఒక రోలు తీయండి సార్. లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి, ఫోకస్ తప్పు దాక్కోకుండా. సగం బొమ్మలు స్పష్టంగా వస్తే ఆపరేషన్ మాటెత్తను. రాకపోతే మాత్రం పోవాల్సిందే" అన్నాను.

ఆయన ఒళ్లోని కెమెరాను లుంగీ గుడ్డతో తుడిచారు. "సరే. రాకపోతే ఆసుపత్రికి పోత. కెమెరా మీకే ఇస్త. అటెన్క నా కన్ను ఎట్లుంటదో ఏమో."

వద్దు సార్ అనాలి. అనలేదు. కొత్త రోలు వేసి, మొదటిసారి నా చేతికి ఆ కెమెరా ఇచ్చారు. హాజరు ఫ్రేమ్ నేనే తీసి తిరిగిచ్చాను. ఆ వారమంతా ఆయన ఒక్కరే క్యాంపస్ అంతా తిరిగి రోలు పూర్తి చేసి, శుక్రవారం మా ఆఫీసుకొచ్చి ఇచ్చి వెళ్లారు.

శనివారం మధ్యాహ్నం మా బాత్రూమ్‌లో ఫిల్మ్ కడిగి ఆరేశాను. మొదటి ఫ్రేమ్‌లో సార్ మీసంలో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. నేను తీసినవాటిలో అంత స్పష్టమైన బొమ్మ ఇంకొకటి లేదు, జర్మనీ అంటే జర్మనీయే అనుకున్నాను. మిగతా ముప్పై అయిదూ పొగమంచు. అయ్యో అనిపించింది. ఆ వెంటనే, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, సంతోషం వేసింది. జర్మనీ కెమెరా నా మెడలో వేలాడుతూ కనబడింది.

కానీ నా పాడు అలవాటు ఊరుకోదు కదా. భూతద్దం పెట్టి వెతికాను. కన్ను పొరబడితే మనిషి మసకబారినా వెనకాల చెట్టో ముందున్న రాయో స్పష్టంగా రావాలి. ఇందులో దగ్గరిదీ లేదు, దూరానిదీ లేదు, అన్నీ ఒకే మసక. అప్పుడు నా బొటనవేలు గుర్తొచ్చింది. హాజరు ఫ్రేమ్ తీశాక, నా కెమెరాకు రోజూ చేసినట్టే, అలవాటుగా లెన్స్ తిప్పి లోపలికి నెట్టేసి ఇచ్చాను. బయటికి లాగకుండా తీస్తే అన్నీ మసకే. ఆయన తన లెన్స్ ఎప్పుడూ నెట్టరు. కిటికీలోంచి చూస్తే అది తెలియదు. ఆయన కంటికి అసలే తెలియదు.

నోరు మూసుకుంటే ఆయన ఆసుపత్రికి పోతారు, కెమెరా నాకొస్తుంది. చెబితే పందెం చెల్లదు, ఆయన ఇక ఆ గడప తొక్కరు. ఇల్లంతా తిరుగుతుంటే మా ఆయన, "ఏమే, పేపర్ లీకైందా?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున నా కెమెరా మూతకు ఎర్రదారం కట్టి మెడలో వేసుకుని తార్నాక దాకా నడిచాను. టిఫిన్ సెంటర్లో అందరూ చూశారు. సార్ ముందు ప్రింట్లు పెట్టి జరిగింది చెప్పాను.

"మీ కన్ను కాదు సార్. నా చెయ్యి."

ఆయన ఒక ప్రింటు ఎత్తి వెలుతురులో తిప్పి చూశారు. తర్వాత చాయ్ ఒలికేలా నవ్వారు. "ముప్పయేండ్ల సంది నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలే. అందుకే చూసుకోలే."

"పందెం చెల్లదు. ఇంకో రోలు తీయండి."

నవ్వు ఆపి ప్రింట్లు ఒక పక్కకు జరిపారు. "వద్దు మేడం. తప్పు మీదే గానీ, గీ ముప్పై అయిదుల ఒక్కటి గూడ కలిసినట్టు నాకు కనవడలే. అందాజ మీద నొక్కిన. మీరు చెప్పిన్రు, నేను చెప్పకపోతె ఎట్ల? సోమవారం పోత." కెమెరాను లుంగీ గుడ్డలో చుట్టుకుంటూ, "గిది మాత్రం ఇయ్య" అన్నారు.

మూడు వారాలకు నల్లద్దాలతో వచ్చారు. మెట్ల మీద కూర్చుని, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, పిల్లను ఎదురుగా నిలబెట్టి కెమెరా కంటికి పెట్టుకున్నారు. లెన్స్ ఇటు తిప్పారు, అటు తిప్పారు.

"కలిసినయి" అన్నారు. మళ్లీ దించి, మళ్లీ పెట్టి, "కలిసినయి మేడం!" నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆ ఉత్సాహంలో నా ప్రింట్లన్నీ అడిగారు. ఒక్కొక్కటీ దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. తర్వాత నన్ను చూశారు.

"నా కన్ను ఖరాబైందని రెండేండ్లు బుగులు పడ్డ. మీ ఫోటోలే గిట్లున్నయా బిడ్డా?"

పిల్ల చాయ్ కప్పు పక్కన పెట్టింది. "ఆంటీ, మీరు కావాలనే అట్ల తీస్తున్నరనుకున్న. ఆర్ట్ అనుకున్న."

సార్ జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశారు. నా కెమెరాను దూరంగా ఉన్న దీపస్తంభం వైపు తిప్పి, ముందున్న ఒక చిన్న స్క్రూను పావు వంతు తిప్పారు. "కోఠీల కొన్నప్పటి సంది గీ కిటికీ అబద్ధం చెప్తున్నది. తప్పులు పట్టుడు గద మీ నౌకరి?"

కిటికీలో చూశాను. రెండు స్తంభాలు ఒక్కటై నిలబడ్డాయి.

వెంటనే కొత్త రోలు వేస్తే హాజరు ఫ్రేమ్ ఆయనే తీశారు. అప్పటికి నేను నా కెమెరా తరఫున ఏదో వాదిస్తున్నాను. ఫోటోలో నోరు తెరిచే ఉంది, నా నెత్తిమీద ప్రతి తెల్లవెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. ఆ ఫోటో ఆఫీసులో నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. వయసు బాగా కనబడుతోంది మేడం అని ఎవరైనా అంటే, ఫోకస్ కుదిరింది అంటాను.