పన్నెండు కిలోల తరుగు

పన్నెండు కిలోల ఇనుము కొన్నేళ్లుగా నా మీద ఉంది. చేతికి తగలదు. నడుస్తుంటే చప్పుడు చేయదు. పొద్దున లేచి బోధన్ గంజ్‌కు పోతాను, పని చేస్తాను, నలుగురితో కలిసి నవ్వుతాను, ఇంటికి వస్తాను. పక్కన నడిచేవాడికి కూడా నేను బరువు మోస్తున్నట్టు తెలియదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లైతే, ఎప్పటి సంగతో వదిలెయ్ అంటారు. వదిలెయ్ అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

నేను దడ్వాయిని. గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్టులో, రైతు తెచ్చిన సరుకును కాంటా మీద తూచి, బరువెంతో గట్టిగా పలికేవాణ్ణి అలా పిలుస్తారు. బడికి పోలేదు. మొదట మూటలు మోశాను, మోస్తూ మోస్తూ లెక్కలూ, చదవడం రాయడమూ నేర్చుకున్నాను. సేర్లూ మణుగులూ పోయి కిలోలు వచ్చిన రోజుల్లో సేట్లు పెన్సిలు పట్టుకుని తికమకపడుతుంటే నేను నోటితోనే చెప్పేవాణ్ణి. మూటను చూసినా మనిషిని చూసినా బరువు తెలిసిపోయేది, కిలో అటూ ఇటూగా. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బరువు పలికితేనే బరువు. ముల్లు ఎక్కడ నిలిచినా, దడ్వాయి నోట ఏ అంకె వస్తే అదే చివరిది.

ఆ ఏడు వానలు పడలేదు. కాలువకు నీళ్లు రాలేదు. చెరకు మోకాలెత్తులోనే ఎండిపోయింది. ఎప్పుడూ ఊరి మీద వేలాడే బెల్లపు వాసన, పిప్పి కాలిన పొగ, రెండూ మాయమయ్యాయి. వాసన లేని ఊరు కలలో చూసిన ఊరిలా ఉంటుంది. వీధి అదే, ఇల్లు అదే, కానీ మనమే అక్కడ లేనట్టు. మెట్ట ఊళ్ల జనం ముల్లెలు నెత్తిన పెట్టుకుని, కాలువ ఊరు కదా ఏదో ఒకటి దొరుకుతుందని బోధన్ దారి పట్టారు. గంజ్ వెనక రేకుల షెడ్డులో వాళ్ల కోసం గంజి కేంద్రం పెట్టారు. మా గల్లీ రాజవ్వ వండేది. రోజుకు ఒక్క పూట, మనిషికి ఒక్క గిన్నె జొన్న గంజి.

అప్పుడే మద్రాసు నుంచి ఒక సినిమా తార వస్తోందని తెలిసింది. పేరు రాయను. ఆమె ఊరూరా తిరుగుతూ ఆకలి గురించి మాట్లాడుతోందట. మన కరువు గురించే కాదు, ఎక్కడెక్కడి దేశాల్లోనో తిండి లేని వాళ్ల గురించి కూడా. మా దగ్గర ఆమెను కాంటాలో కూర్చోబెట్టాలని పెద్దలు అనుకున్నారు. మొక్కు తీరితే నిలువెత్తు బెల్లం తూచి దేవతకు ఇవ్వడం మా వైపు ఉన్నదే. దాన్నే కాస్త మార్చారు. ఆమె ఎన్ని కిలోలు తూగితే, ఒక్కొక్క సేటూ, ఒక్కొక్క పెద్ద చెరకు రైతూ అన్ని కిలోల జొన్నలు గంజి కేంద్రానికి ఇవ్వాలి. నలభై మంది ఒప్పుకున్నారు. అది కాక తన వాటాగా ఆమె కూడా తన బరువంత జొన్నలు ఇస్తానంది.

టీ హోటల్లో కొన్నాళ్లు అదే ముచ్చట.

"గంత దూరం నుంచి కారేసుకొని వచ్చేది మన గంజి కోసమానే? కొత్త సినిమా ఉన్నట్టుంది," అన్నాడు ఒక హమాలీ.

"ఉంటె ఉండనీయ్‌రా," అన్నాడు ఖాజా మియా. గంజ్ పక్కనే అతనికి తరాజులూ కాంటాలూ బాగుచేసే దుకాణం. "నా ఫికరంత ఒక్కటే. మనిషి మరీ సన్నగున్నది. జర బొద్దుగున్న హీరోయిన్ను పిలిస్తే జొన్నలన్న ఎక్కువొచ్చేటియి."

అందరూ నవ్వారు. నేను నవ్వకుండా లెక్క వేశాను. కారు పెట్రోలు, షామియానా, కుర్చీలు, పూలదండలు. అవన్నీ జొన్నలైతే ఎన్ని గిన్నెల గంజి అవుతుందో చెప్పాను. హోటలంతా నా వైపు మెచ్చుకోలుగా చూసింది. అంకె తప్పు కాదు. కానీ ఉన్నవాళ్లు లేనివాళ్ల కోసం మాట్లాడితే అది నిజమా నటనా అని తేల్చే పని నాకెవరు ఇచ్చారు? ఆ పని చేస్తున్నంత సేపూ నా సంగతి ఎవరూ అడగరు. అది నాకు అప్పుడే తెలుసా? తెలుసనే అనుకుంటున్నాను.

ఆమె వచ్చింది. ఎండలో దుమ్ము లేచి, జనం మధ్య నుంచి ఒక తెల్లటి నేత చీర మాత్రం కదిలి వస్తున్నట్టు కనిపించింది. మెడలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా వేషమే అనుకున్నాను. చాలా మెల్లగా నడిచింది. కలలో నడిస్తే కాళ్లు సాగవు చూడండి, అలా. అది కూడా నటనే అనుకున్నాను.

గంజ్‌లోని పెద్ద తరాజును మూడు దూలాల మధ్య వేలాడదీశాం. ఆమె పళ్లెంలో కూర్చుంది. అప్పుడు వినపడింది. ఆమె నడుము దగ్గర ఇనుము ఇనుముకు తగిలిన చిన్న చప్పుడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు ఒక్కడికే వినపడింది. కంటికి ఆమె యాభై నాలుగు. నేను రెండో పళ్లెంలో రాళ్లు పెడుతూ పోయాను. ఇరవైలు మూడు, ఐదుది ఒకటి, కిలోది ఒకటి. ముల్లు నిలబడింది. అరవై ఆరు.

గంజ్‌లో దాచిన ఇనుముకు ఒక్కటే అర్థం, మోసం. మూట అడుగున రాయి, పళ్లెం కింద అయస్కాంతం. అనుమానం వస్తే బరువులోంచి కోసేయడమే. అలా కోసేదాన్ని తరుగు అంటారు. సంచి బరువనీ, తేమ అనీ, దుమ్మనీ. నా చెయ్యి దానికి ఎంత అలవాటు పడిందంటే, మనసు అడగకముందే లెక్క కట్టేస్తుంది. నేను నోరు తెరిచేలోగా ఆమె మెల్లగా అడిగింది.

"ఎంత చూపించిందండీ?"

"అరవై ఆరు. నడుముకున్నది తీసేసి చెప్తనమ్మా."

"తీసేయకండి. అది కూడా కలిపే చెప్పండి. మీకు చేతులెత్తి మొక్కుతాను."

"కాంటా మీద నేను అబద్ధమాడనమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"ఎప్పుడూ ఆడలేదా?"

నా వెనక కుర్చీల్లో సేట్లు కూర్చుని ఉన్నారు. పదిహేనేళ్లుగా వాళ్ల కోసమే రైతుల మూటల్లో తరుగు తీస్తున్నాను. పళ్లెం కొద్దిగా ఊగుతోంది. ఆమె నీడ నేల మీద ముందుకూ వెనక్కూ పోతోంది. ఆ నీడను చూస్తూ గొంతెత్తి పలికాను.

"యాభై నాలుగు!"

చప్పట్లు కొట్టారు. రాళ్లు ఎవరూ లెక్కపెట్టలేదు. పెట్టేదీ తీసేదీ పలికేదీ నేనే. ఆమె లేచి జనానికి దండం పెట్టింది. నాకూ పెట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నిజమైన బరువే పలికాను కదా అని ఒకలా సర్దుకునేవాణ్ణి. కానీ ఆ ప్రశ్న నాతోపాటే హోటలుకు వచ్చింది. ఆమెకు ఎలా తెలిసింది? ఎవరైనా చెప్పారా, నా ముఖం మీదే రాసి ఉందా? అందరూ ఆమెను పొగుడుతున్నారు. నేను టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "నడుముకు ఇనుము కట్టుకొని వచ్చింది. చప్పుడు నా చెవులతోటి విన్న," అన్నాను. ప్రతి మాటా నిజమే. ఎవరి కోసం కట్టుకుందో చెప్పలేదు. కలిపి చెప్పమని నన్ను వేడుకుందని చెప్పలేదు.

మర్నాటికి ఊరంతా తెలిసింది. తారలు ఇంతే అన్నారు. కొందరు ఆ ఇనుమును బంగారం చేశారు. సేట్లకు ఇంతకంటే ఏం కావాలి? "మోసం జేసినామెకు మాటిచ్చుడేంది," అని మా సేటు జొన్నలు ఆపేశాడు. అతన్ని చూసి మిగతావాళ్లు. నలభై మందిలో ఇచ్చినవాళ్లు ఐదారుగురు.

తర్వాత ఒక లారీలో ఆమె వాటా వచ్చింది. నిజామాబాద్‌లో కొనిపించి పంపింది. తూచమన్నారు. తూచాను. అరవై ఆరు కిలోల రాళ్లకు ముల్లు నిలబడింది. నేను పలికింది యాభై నాలుగు. ఆమె అంతే పంపితే అడిగేవాడెవడూ లేడు. బోధన్‌లో ఆమె గురించి ఏమనుకుంటున్నారో అప్పటికి ఆమెకూ తెలిసే ఉంటుంది. అయినా అరవై ఆరు. నా పనిలో మొదటిసారి బరువు పలకలేదు. "లోపల పెట్టండి," అన్నాను, అంతే.

ఆ సాయంత్రం ఖాజా మియా నన్ను తన దుకాణంలోకి పిలిచాడు. కప్పు నుంచి ఇత్తడి పళ్లాలు వరసగా వేలాడుతున్నాయి. తలుపు దగ్గరి ఎండ వాటి మీద పడి గోడల మీద తిరుగుతోంది.

"ఆమె నడుముకున్న ఇనుప రాళ్లు నా దుకాణంలకెల్లే పోయినయిరా," అన్నాడు. "ముందునాడు పొద్దూకంగ గిక్కడికే వచ్చిందామె. బొద్దుగున్న హీరోయిన్ అని నేనన్న ముచ్చట ఎవలో చెప్పిండ్రట. నవ్వుకుంట వచ్చింది. కనబడకుండ ఎంత మోయొచ్చు భాయ్ అని అడిగింది. నేనే పట్టీల పెట్టి కుట్టిచ్చిన. కట్టుకొని గీ పళ్లాల నడుమ ఇటు నుంచి అటు నడిచి చూసుకున్నది."

"నాకెందుకు చెప్పలే?"

"దినాం రైతులయి పదేసి కిలోలు కోస్తవు. ఒక్కనాడు పన్నెండు కలుపవా అనుకున్న."

అతనికీ భయం ఉంది. దుకాణం నడిచేది సేట్ల తరాజులతోనే. ఇనుము తన దగ్గరిదని బయట చెప్పలేనన్నాడు. నువ్వైతే చెప్పగలవన్నాడు. ఆమె ఎందుకు కట్టుకుందో ఒక్క మాట హోటల్లో చెబితే సిగ్గుకైనా కొందరు సేట్లు ఇస్తారన్నాడు. నిజమే. ఇంకా సమయం ఉంది. పోయి చెబుతాననే అన్నాను. పోలేదు. ఎందుకు? కాంటా దగ్గర ఏం జరిగిందో మొత్తం చెప్పాలి. చెబితే, అరవై ఆరును యాభై నాలుగని పలకగలిగినవాడివి మా మూటలు ఎంతని పలికావు అని రైతులు అడుగుతారు. ఒక్క తరుగు బయటపడితే అన్ని తరుగులూ బయటపడతాయి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని నాకు నేనే మాట ఇచ్చుకుంటూ పోయాను. జొన్నలు మాత్రం నా మాట కోసం ఆగలేదు.

ఒక పొద్దున గంజి కేంద్రానికి పోయాను. పొయ్యి వెలుగుతోంది, గుండిగలో నీళ్లు మరుగుతున్నాయి. నీళ్లే.

"పొగ కనబడితె జనం జరసేపు నిలవడ్తరు తమ్మీ," అంది రాజవ్వ. "గంతల్నే ఏ సేటుకన్న మనసు కరుగుతదేమో."

ఏర్గట్ల వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన ముందు నిలబడ్డాడు. రోజూ ఇత్తడి గిన్నె తోమి మెరిపించుకుని వచ్చేవాడు. గుండిగలోకి తొంగి చూశాడు. అయినా గిన్నె చాచాడు. రాజవ్వ ఏం చేయాలో తోచక వేడినీళ్లే పోసింది. ఆయన ఊదుకుంటూ చివరిదాకా తాగాడు. "ఎచ్చగ మంచిగున్నది బిడ్డా," అన్నాడు. గిన్నె కడిగి, ముల్లెలో కట్టుకుని, మహారాష్ట్ర వైపు పోయే రోడ్డెక్కాడు. ఎండలో రోడ్డు నీళ్లలా మెరుస్తోంది. ఆయన ఆ మెరుపులోకి దిగిపోయినట్టు కనిపించాడు. ఎక్కడికి చేరాడో, చేరాడో లేదో నాకు తెలియదు.

రాజవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుని నన్నడిగింది. "నిజంగనే ఇనుము కట్టుకున్నదా తమ్మీ ఆమె?"

"కట్టుకున్నదక్కా."

"ఎందుకు?"

"ఏమో."

నేను చేసిన పాపం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. పలికిన అంకె కాదు, హోటల్లో అన్నది కూడా కాదు. తెలిసి తెలిసి ఏమో అన్నాను. ఆ రోజుతో పొయ్యి ఆరిపోయింది. వానలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి.

పన్నెండు కిలోలు, నలభై మంది. నాలుగు వందల ఎనభై. నేను తరుగు తీసింది అంతే అనుకోవచ్చు. కానీ నా మాట వల్ల ఆగిపోయిన జొన్నలు అంతకు ఎన్నో రెట్లు. పిడికెడు జొన్నకు ఒక గిన్నె గంజి. ఈ లెక్క పూర్తి చేయడం నాకు వచ్చు. చాలాసార్లు మొదలుపెట్టాను. ముసలాయన గిన్నె దగ్గరికి రాగానే అంకెలు నిలవవు.

ఆమె మనసు నిజమా కాదా? ఇప్పటికీ చెప్పలేను. ఆమెకు కారు ఉంది, మేడ ఉండే ఉంటుంది. పత్రికలో పెద్ద అంకె పడాలనే ఇనుము కట్టుకుందేమో. ఎవరూ చూడని చోట కూడా అరవై ఆరు పంపింది కాబట్టి నిజమేనేమో. కొన్ని రోజులు అలా అనిపిస్తుంది, కొన్ని రోజులు ఇలా. ఎలా అనిపించినా, ఆమె పంపిన జొన్నలు ఉన్నన్నాళ్లు రాజవ్వ గుండిగలో ఉడికాయి. నా నిజాయితీ ఉడకలేదు.

కలలో ఖాజా మియా దుకాణం కనిపిస్తుంది. ఆమె వేలాడే పళ్లాల మధ్య మెల్లగా నడుస్తుంటుంది, నవ్వుతూ. భుజం తగిలిన పళ్లెమల్లా చిన్నగా మోగుతుంది. నేను గడప దగ్గర నిలబడి బరువు పలకాలని నోరు తెరుస్తాను. గొంతు రాదు.

ఖాజా మియా పోయాడు. రాజవ్వ పెద్ద కొడుకుతో వేరే ఊళ్లో ఉంది. ఆ సేట్ల దగ్గరే నేను ఇంకా పని చేస్తున్నాను. తరుగు ఇప్పుడు తక్కువే తీస్తాను. తీయను అని రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది. మన్నించమని మిమ్మల్ని అడగడం లేదు. మన్నించగలిగినవాళ్లు ఆ రోడ్డెక్కి వెళ్లిపోయారు.

ఇది రాయడం ఆపి ఇందాక గంజ్‌కు పోయి వచ్చాను. ఇవాళ సెలవు, ఎవరూ లేరు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి బెల్లపు వాసన వస్తోంది. పెద్ద తరాజు ఖాళీగా వేలాడుతోంది. దాని ముందు నిలబడి, రైతు ఎదురుగా ఉంటే పలికినట్టే, గొంతెత్తి పలికాను.

"అరవై ఆరు!"